రేకుకూ మందం ఉంటుంది

ట్రైనింగ్ స్కూల్లో ఆమెను వెనకాల అందరూ గీతల టీచరమ్మ అనేవారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. కోపం రాకపోగా లోలోపల కాస్త గర్వంగానే ఉండేది. ఇరవై రెండేళ్లు ఒకే గదిలో, ఒకే నల్లబల్ల ముందు నిలబడి ఇంజనీరింగ్ డ్రాయింగ్ చెప్పింది. పై చదువులకు స్తోమత లేని పిల్లలు, చదువు అబ్బని పిల్లలు, రెండేళ్లలో చేతికి ఏదో ఒక పని వస్తుందన్న ఆశతో ఆ స్కూల్లో చేరేవాళ్లు. మొదటి రోజు ఆమె వాళ్లకు చెప్పే మాటలు ఏ ఏడూ మారేవి కావు. కాగితం మీద ముందు నాలుగువైపులా అంచు గీత. కుడివైపు అడుగున పేరు గడి. ఆ తర్వాతే బొమ్మ. పెన్సిలు ముక్కు సూదిలా ఉండాలి. వేలిముద్ర కనబడిందా, రెండు మార్కులు కోత.

ఆమె చెడ్డ మనిషేమీ కాదు. తనకు చెప్పినవాళ్లు అలాగే చెప్పారు, తనూ అలాగే చెప్పింది. పైగా ఆ స్కూల్లో నిజంగా పాఠం జరిగే గది అదొక్కటే. యంత్రాల గది చూసుకునే మాస్టారు రిటైరయ్యాక ఆ ఉద్యోగంలోకి ఇంకొకర్ని వెయ్యలేదు. తాళం తుప్పు పట్టింది, లోపల యంత్రాలూ తుప్పు పట్టాయి. పిల్లలు కిటికీలోంచి వాటిని చూసి, పుస్తకంలో వాటి బొమ్మలు చూసి, పరీక్షలో వాటి భాగాల పేర్లు రాసి పాసయ్యేవాళ్లు. గీతల టీచరమ్మ గదిలో మాత్రం రోజూ పెన్సిళ్లు గీసుకుంటూనే ఉండేవి. అందుకే తన వంతు తను సరిగ్గా చేస్తున్నాననే ధీమా ఆమెకు ఉండేది.

చివరి ఏడు పదకొండు మందే చేరారు. ఆ మరుసటి ఏడు స్కూలే మూతపడింది. పర్మినెంటు వాళ్లను వేరే చోట్లకు బదిలీ చేశారు. ఆమెది ఏటా సంతకం పెట్టి పొడిగించే ఉద్యోగం. ఇరవై రెండుసార్లు పొడిగించినవాళ్లు ఇరవై మూడోసారి పొడిగించలేదు. అంతే. ఆమెకు నలభై ఎనిమిదేళ్లు. మోకాళ్ల నొప్పులతో మందుల షాపులో రోజంతా నిలబడే భర్త, డిగ్రీ రెండో ఏడు చదివే కూతురు, ఇంటిపట్టున ఉండే అత్తగారు... ఇంట్లో కూర్చుంటే కుదిరే పని కాదు. నాలుగు నెలలు కాళ్లరిగేలా తిరిగింది. వెళ్లిన ప్రతి ఆఫీసులోనూ కంప్యూటర్లో గియ్యడం వచ్చా అని అడిగారు. చేత్తో గీస్తానంటే, ఎక్కడో పాత సినిమాలోంచి దిగివచ్చిన మనిషిని చూసినట్టు చూశారు.

ఆఖరికి భర్తకు తెలిసిన ఒకాయన పిలిచాడు. పెద్ద పెద్ద బిల్డింగుల్లో చల్లగాలి పంపే రేకు గొట్టాలు తయారుచేసే షెడ్డు ఆయనది. ఆయన చెప్పింది సూటిగా ఉంది. తన దగ్గరున్న మేస్త్రీ పనిలో మొనగాడట. కానీ ఇంజనీర్ల దగ్గర్నుంచి కాగితం వస్తే దాన్ని నాలుగువైపులా తిప్పి చూసి, ఒక పూట గడిచాక గానీ పని మొదలుపెట్టడట. కాగితం చదివి రేకు మీద గీత వేసిచ్చే మనిషి కావాలి. ఇరవై రెండేళ్ల అనుభవం అనగానే ఆయన ఇంకేమీ అడగలేదు.

షెడ్డులో అడుగుపెట్టగానే ఆమెకు ముందు చెవులు దిబ్బళ్లు పడ్డాయి. సుత్తి దెబ్బలు, రేకు కోసే యంత్రం, ఎవరో ఎవర్నో పిలిచే కేకలు. గోడకు మేకులు కొట్టి, అట్టముక్కలు దండల్లా తగిలించి ఉన్నాయి. అర్ధచంద్రాల్లా కొన్ని, చేప తోకల్లా కొన్ని. కాగితం అర్థం కాని మేస్త్రీ ముందు అట్ట కత్తిరించి, చుట్టి చూసి, కుదిరాక ఆ అట్టను రేకు మీద పెట్టి గీసుకుంటాడట. అట్టముక్కలతో పని నేర్చుకున్న మనిషి అన్నమాట అనుకుంది ఆమె, కాస్త జాలిగా.

మేస్త్రీకి ముప్పై ఎనిమిదేళ్లుంటాయి. పొట్టిగా, భుజాలు దిట్టంగా, మాట నెమ్మదిగా ఉన్న మనిషి. నమస్కారం పెట్టి, బల్ల తుడిచి, తళతళలాడే కొత్త రేకు పరిచి, గీత గీసే ఉక్కు సూది చేతికిచ్చి పక్కకు నిలబడ్డాడు. చెయ్యాల్సింది ఒక మలుపు గొట్టం, వాళ్ల మాటలో బెండు. ఇరవై రెండేళ్లుగా చెప్పిన పాఠమే. కళ్లు మూసుకుని గియ్యగలదు. సూది పట్టుకుని మొదటి గీత గీసింది. రెండోది, మూడోది, నాలుగోది. పనివాళ్లలో ఒకడికి అనుమానం వచ్చి ఏం గీస్తున్నారని అడిగాడు. అప్పుడు చూసుకుంది. రేకుకు నాలుగువైపులా అర అంగుళం లోపలికి అంచు గీత గీసి ఉంది. కుడివైపు అడుగున పేరు గడి కూడా.

ఎవరో కిసుక్కుమన్నారు. మేస్త్రీ నవ్వలేదు. రేకు తిరగేసి, ఇటువైపు గియ్యండి మేడమ్ అన్నాడు.

గీసింది. వంపు అందంగా వచ్చింది. గుండ్రాన్ని పంచిన పన్నెండు భాగాలూ వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చాయి. మేస్త్రీ దాన్ని గీత వెంట కోసి, చుట్టే యంత్రంలో పెట్టి గుండ్రంగా తిప్పి తీసుకొచ్చాడు. రెండు అంచులూ వచ్చి సరిగ్గా ఒకదానికొకటి ఆనాయి. ఆనాయి, అంతే. ఒకదాని మీద ఒకటి మడిచి బిగించడానికి గోరంత రేకు కూడా మిగల్లేదు. సరేనని వేలితో అదిమి పట్టుకుని పక్క గొట్టానికి తగిలించబోతే, రెండూ ఒకే కొలత కావడంతో ఒకదాంట్లోకి ఒకటి దూరలేదు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. కాగితం తెచ్చుకుని కొలతలన్నీ మళ్లీ చూసింది. ఒక్క తప్పు లేదు.

మేస్త్రీ ఆ గొట్టాన్ని పక్కన పెట్టి, మిగతావాళ్లు వినకుండా దగ్గరకొచ్చి చెప్పాడు.

"మీరు తప్పు చెప్పలేదు మేడమ్. రేకుకి మందం ఉంటుందని చెప్పలేదంతే."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. చెప్పడమేమిటి, ఎవరికి అని అడిగింది. మేస్త్రీ తల గోక్కున్నాడు. తను ఆమె రెండో బ్యాచి అట. కిటికీ పక్క బెంచి. ఫిట్టర్ కోర్సులో అన్నీ గట్టెక్కి డ్రాయింగులో తప్పాడట. మొదటిసారి పంతొమ్మిది మార్కులు, రెండోసారి ఇరవై మూడు. పొద్దున సైకిల్ షాపులో పని చేసి వచ్చేవాడు కాబట్టి చేతి నూనె మరకలు కాగితానికి అంటేవి. మూడోసారి కట్టడానికి ఫీజు లేక, మనసూ లేక వదిలేశాడు. సర్టిఫికెట్ లేదు గనక ఎక్కడా ఫిట్టరుగా తీసుకోలేదు. రేకుల షెడ్డులో ఊడ్చే పనికి చేరాడు.

ఆమె ఎంత తవ్వుకున్నా ఆ కిటికీ పక్క బెంచి మీద ఎవరి ముఖమూ కనబడలేదు. ఏడాదికి నలభై ముఖాలు. గుర్తుంది అని అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు, గుర్తులేదని చెప్పడానికీ రాలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం ముందు కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. భర్త మోకాలికి మందు రాసుకుంటూ ఊఁ కొట్టాడు. అత్తగారు కంచంలో ఇంకాస్త వడ్డించి, "ఇన్నాళ్లూ ఒడ్డున నిలబడి ఈత చెప్పావు, ఇవాళ నీళ్లలో దిగావు. మునగలేదు కదా, తిను" అంది. కూతురు మాత్రం తినడం ఆపింది. ఆ పిల్ల ఆఫీసు నిర్వహణ అనే కోర్సు చదువుతోంది. ఆఫీసు అనేదాన్ని ఇంతవరకు లోపలికెళ్లి చూడలేదు.

"మాకు చెప్పేవాళ్లయినా ఎప్పుడైనా ఆఫీసులో పనిచేశారంటావా అమ్మా?"

ఆమె నీళ్లు తాగి లేచింది.

పని అంత తేలిగ్గా లొంగలేదు. నిలబడి చెప్పే ఒళ్లు, వంగి మోసే ఒళ్లు ఒకటి కాదు. మొదటి రెండు నెలలు ఇంటికొచ్చేసరికి నడుము తనది కానట్టు ఉండేది. రేకు అంచు కోసుకుని వేళ్లకు ఎప్పుడూ రెండు మూడు కట్లుండేవి. మేస్త్రీ ఏదీ పాఠంలా చెప్పేవాడు కాదు. ఇక్కడ పట్టుకోండి అనేవాడు, పట్టుకుంటే ఎందుకో తెలిసేది. పలచ రేకుకు ఎంత వదలాలి, మందపాటి దానికి ఎంత వదలాలి, లోపలికి దూరే గొట్టాన్ని ఏ మాత్రం బిగించాలి, ఇవన్నీ ఆమె చిన్న పుస్తకంలో రాసుకునేది. అందులో ఒక్క పేజీ కూడా తను చెప్పిన పుస్తకంలో లేదు. అలాగని తను చెప్పింది ఊరికే పోలేదు. కాగితం వచ్చిన పది నిమిషాల్లో ఏ ముక్క ఎక్కడ కలుస్తుందో ఆమె చెప్పేసేది. అంతకుముందు ఒక పూట పట్టిన పని. మేస్త్రీ అట్టలు కత్తిరించడం తగ్గింది. పనివాళ్లు మేడమ్ అనడం మానేసి అక్కా అనడం మొదలుపెట్టారు. అదెప్పుడు మారిందో ఆమె గమనించనే లేదు.

ఒక ఆదివారం కూతురి ఫోను బాగుచేయించడానికి బజారుకెళితే, కౌంటరు వెనకున్న కుర్రాడు లేచి నిలబడ్డాడు. ఆమె చివరి బ్యాచిలో ఫస్టు వచ్చినవాడు. డ్రాయింగులో తొంభై ఒకటి. ఈ ముఖం గుర్తుంది. ఎలా ఉన్నావంటే బాగానే ఉన్నానన్నాడు. మూడు కంపెనీలకు వెళ్లాడట. మొదటి దాంట్లో యంత్రం ముందు నిలబెట్టి నడపమన్నారట, స్విచ్చు ఎక్కడుందో తెలియక వెనక్కొచ్చాడట. మిగతా రెండింట్లోనూ లోపలికి వెళ్లడానికే ధైర్యం చాలలేదట. నవ్వుతూనే చెప్పాడు. ఫోనుకు గాజు అంటించి, డబ్బులొద్దు మేడమ్ అన్నాడు. ఆమె బలవంతంగా ఇచ్చి వచ్చింది. ఇంటిదాకా నడిచిన దారి ఏదో కూడా ఆమెకు తర్వాత గుర్తులేదు.

ఏడాది తిరిగేసరికి షెడ్డుకు ఒక పెద్ద పని వచ్చింది. ఆసుపత్రి భవనానికి గొట్టాలన్నీ వీళ్లే చెయ్యాలి. షరతు ఒక్కటి. పని చూసుకునే మనిషికి ట్రేడ్ సర్టిఫికెట్ ఉండాలి. యజమాని మేస్త్రీని పిలిచి, నీకది లేకపోతే బయటి నుంచి ఎవర్నో తెచ్చి నీ మీద పెట్టాలి, నాకూ ఇష్టం లేదు, ఏం చేద్దామన్నాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర మేస్త్రీ కాసేపు నసిగి, డ్రాయింగ్ ఒక్కటి రాస్తే చాలు కదా, ఇప్పుడు కట్టనిస్తారా అని ఆమెను అడిగాడు. స్కూలు మూతపడినా కట్టనిస్తారు. ఏడాదికి రెండుసార్లు పెడతారు.

ఆ రోజు నుంచి యంత్రాలు ఆగాక ఒక గంట, షెడ్డు ముందు గదిలో పాఠం. ఇంటి నుంచి పాత డ్రాయింగు బల్ల మోసుకొచ్చింది. పనిలో ఉన్నప్పుడు అతన్ని మేస్త్రిగారూ, మీరూ అనేది. బల్ల ముందు కూర్చోగానే నువ్వు అని వచ్చేసేది. అతనికీ అదే నచ్చినట్టుంది. నలభైకి దగ్గరపడ్డ మనిషి చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని వచ్చి, అంచు గీత గీసి, పేరు గడి గీసి, నాలుక కొరుక్కుంటూ పెన్సిలు తిప్పేవాడు. బొమ్మ తెలుసు. అది ఎలా ముడుచుకుంటుందో ఆమె కన్నా బాగా తెలుసు. చిక్కల్లా ఒకటే. అంచు దగ్గరికి రాగానే చెయ్యి దానంతటదే మడతకు కావలసిన ఇంకో గీత గీసేసేది.

"అది వద్దు. జవాబు కాగితంలో అది ఉండదు. దిద్దేవాళ్లు తప్పు కింద తీసేస్తారు" అని ఆమె చెప్పింది.

"అంటే రేకుకి మందం లేదనుకోవాలా మేడమ్?"

"పరీక్షలో లేదనుకో."

ఆ మాట అన్నాక ఆమెకు పాత సంగతి గుర్తొచ్చింది. తనూ ఎన్నో ఏళ్లు పేపర్లు దిద్దింది. ఎప్పుడో ఒకసారి, ఏ వందలోనో ఒక కాగితంలో, ఎవరో ఒక పిల్లవాడు అంచున అలాంటి అదనపు గీత గీసేవాడు. ఎర్రపెన్నుతో దాని చుట్టూ సున్నా చుట్టేది. ఆ పిల్లవాడు ఎవరి కొడుకో, ఏ షెడ్డులో ఏం చూసి వచ్చి అలా గీశాడో ఒక్కనాడూ ఆలోచించలేదు. అడగడానికి కుదరదు కూడా. పేపరు మీద పేరుండదు, నంబరుంటుంది.

మేస్త్రీ పరీక్ష రాశాడు. ఫలితం వచ్చిన రోజు తనే ఫోనులో చూసుకుని, ఫోను ఆమె చేతికిచ్చాడు. ముప్పై ఏడు. నలభై కావాలి.

"చెయ్యి ఆగలేదు మేడమ్" అన్నాడు, తప్పు చేసినవాడిలా. "గీసి చెరిపాను. చెరిపితే అది గాలి కారిపోయే గొట్టంలా కనబడింది. మళ్లీ గీశాను."

ఆమె మర్నాడు పొద్దున్నే, పనికి వెళ్లకముందు, పరీక్షలు పెట్టే ఆఫీసుకు ఉత్తరం రాసింది. ఇరవై రెండేళ్లు ఈ పాఠం చెప్పినదాన్నని, ఏడాదిగా రేకు మీద గీస్తున్నానని, పుస్తకంలో బొమ్మ గీసినట్టు కోస్తే ఏ గొట్టమూ అతుక్కోదని, పాఠంలో మడతను, మందాన్ని చేర్చాలని, అంతవరకు కనీసం వాటిని గీసినవాళ్లకు మార్కులు కొయ్యకూడదని రాసింది. బొమ్మలు కూడా గీసి జతచేసింది. భర్త చదివి చాలా బాగుందన్నాడు, జవాబు రాదని కూడా అన్నాడు. జవాబు వచ్చింది. ఏడు వారాల తర్వాత. మీ సూచన పరిశీలనలో ఉంది అని ఒకే ఒక్క వాక్యం. కింద సంతకం గుర్తుపట్టింది ఆమె. తనతోపాటు పేపర్లు దిద్దిన మనిషే.

ఈలోగా ఆసుపత్రి పని ఆగదు కదా. యజమాని ఒక కుర్ర ఇంజనీరును తెచ్చాడు. మంచివాడే. పొద్దున్నే వచ్చి, కాగితాల మీద సంతకాలు పెట్టి, ఏ అనుమానం వచ్చినా మేస్త్రీని అడిగేవాడు. మేస్త్రీ చెప్పేవాడు. ఆ కుర్రాడు శ్రద్ధగా ఫోనులో ఫొటోలు తీసుకునేవాడు. పనివాళ్లలో ఇద్దరు దీని మీద గొణిగితే మేస్త్రీయే వాళ్ల నోరు మూయించాడు. పాపం అతనికీ ఎవరూ చెప్పలేదురా అన్నాడు.

ఆరు నెలల తర్వాత మేస్త్రీ మళ్లీ రాశాడు. ఈసారి చెయ్యి ఆగింది. యాభై రెండు మార్కులు. సర్టిఫికెట్ వచ్చేసరికి ఆసుపత్రి పని ముప్పావు వంతు అయిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. యజమాని దాన్ని చూసి, సంతోషం, వచ్చే పనికి పనికొస్తుంది అని ఫైల్లో పెట్టించాడు. మేస్త్రీ ఆ కాగితాన్ని ముందు ఆమెకు చూపించాడు. అతని పేరు మీద ముద్ర కొంచెం పక్కకు పడింది. ఆమె అభినందనలు చెప్పింది. పనివాళ్లకు టీ తెప్పించారు. తాగి ఎవరి బల్ల దగ్గరికి వాళ్లు వెళ్లిపోయారు. ఎందుకో ఇద్దరికీ పండగలా అనిపించలేదు.

టీ గ్లాసు కడుగుతూ మేస్త్రీ అసలు సంగతి అడిగాడు. వాళ్ల అమ్మాయి పదో తరగతి పరీక్షలు రాస్తోంది. తర్వాత ఎక్కడ వెయ్యాలి? చదివిస్తే పని రాదు, పనిలో పెడితే కాగితం రాదు. రెండింటి దెబ్బా తిన్నవాడిని, నాకు తోచట్లేదు మేడమ్, మీరు చెప్పండి అన్నాడు.

ఆమెకు ముందు తన ఇల్లే గుర్తొచ్చింది. తన కూతురు డిగ్రీ పూర్తయి మూడు నెలలైంది. ఒక ఆఫీసులో జీతం లేకుండా నేర్చుకోవడానికి వెళుతోంది. రోజూ వచ్చి, ఇవాళ కూడా ఏమీ తెలియనిదాన్నయ్యానమ్మా అంటూ చెప్పులు విప్పుతోంది. ఆ పిల్లకు ఏం చెప్పాలో తెలియని తను, ఇంకొకరి పిల్లకు ఏం చెబుతుంది? అయినా అడిగినవాడికి ఏదో ఒకటి చెప్పాలి.

"చదివించు. మానిపించకు. ఈ సెలవుల్లో మాత్రం రోజూ ఇక్కడికి తీసుకురా."

"ఆడపిల్లనా, ఇక్కడికా?"

"మరి నేనెవర్ని?"

మేస్త్రీ నవ్వాడు. అతను నవ్వగా ఆమె చూడడం అదే మొదటిసారి కావచ్చు.

అమ్మాయి వచ్చింది. పదకొండు రోజులు వచ్చింది. ఆమె పక్కన నిలబడి సూది పట్టుకోవడం నేర్చుకుంది, ఒక చిన్న డబ్బా తనంతట తను చేసింది, బొటనవేలు కోసుకుంది. పన్నెండో రోజు రాలేదు. చెవుల్లో ఇంకా చప్పుడు వినబడుతోందట, స్నేహితురాలి ఇంటికి వెళ్లిందట. మేస్త్రీ ఆ మాట చెప్పి, ఆమె ఏమంటుందోనని చూశాడు. ఆమె మాత్రం వస్తే వస్తుంది, లేకపోతే ఆ పదకొండు రోజులైనా చూసిందిగా అనుకుంది. బల్ల మీదికి కొత్త రేకు ఎత్తాలి. అతను ఒక కొస పట్టుకున్నాడు, ఆమె రెండో కొస పట్టుకుంది.